సీహెచ్ కీ బయట ఉన్నా సిగ్నల్ ఆఫ్ అయింది, ఇది ఫాల్టేనా? (పాయింట్లను చేత్తో తిప్పేటప్పటి లాకింగు)

లూప్‌లైన్
అందరికీ నమస్కారం. డబుల్ లైన్ మీద నాలుగు లైన్ల స్టేషన్, ప్యానెల్ ఇంటర్‌లాకింగ్ (పాయింట్లూ సిగ్నళ్లూ ఒకదానికొకటి విరుద్ధంగా పోకుండా కట్టడి చేసే ఏర్పాటు), పాయింట్లకు 143 ఎంఎం మోటార్లు. ఒక చివర అప్ లూపు పాయింట్లను (బండిని లైను మార్చే కదిలే పట్టాలను) చేత్తో తిప్పడానికి సీహెచ్-2 కీ, అంటే రెండో గ్రూపు క్రాంక్ హ్యాండిల్ కీ, బయటికి తీశారు. ఆ కీ బయట ఉండగానే అదే చివర డౌన్ మెయిన్ సిగ్నల్ మామూలుగా ఆఫ్ అయింది, అంటే బండికి దారి ఇచ్చింది. క్రాంక్ హ్యాండిల్ కీ బయట ఉంటే సిగ్నళ్లు రాకూడదనే కదా చదివాం.

ఇంకో రెండు సందేహాలు. హ్యాండిల్‌తో తిప్పి పెట్టిన పాయింటుకు క్లాంపు (పట్టాను కదలకుండా బిగించే స్క్రూ పట్టు) వేయాలని కొందరు, కీ తిరిగి పెట్టేస్తే సిగ్నల్ మీదే బండి తీసుకోవచ్చని కొందరు అంటున్నారు. ఏది సరి? సిగ్నల్ మెయింటైనరు మోటారు మూత తెరిచిన ప్రతిసారీ టీ/351 (డిస్‌కనెక్షన్ నోటీసు) కావాలా?

కేబిన్ బాబాయ్
ఫాల్టు కాదు తమ్ముడూ. సీహెచ్ కీ యార్డు మొత్తానికి తాళం కాదు, తన గ్రూపుకే తాళం. సీహెచ్-2 గ్రూపులో ఏయే పాయింట్లున్నాయో మీ స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లోనూ, ఏ సిగ్నల్‌కు ఏ పాయింట్లు కావాలో చెప్పే సెలెక్షన్ టేబుల్‌లోనూ ఉంటుంది. ఆ పాయింట్లు రూటులో గానీ, ఓవర్‌ల్యాపులో (ఆగాల్సిన సిగ్నల్ దాటాక ఖాళీగా ఉంచే దూరంలో) గానీ, ఐసోలేషన్ కోసం (పక్క లైను బండి ఈ దారిలోకి రాకుండా) గానీ అవసరమయ్యే సిగ్నళ్లన్నీ ఆగిపోతాయి. డౌన్ మెయిన్ రూటుకు అప్ లూపు పాయింటు ఈ మూడింట్లో దేనికీ అక్కర్లేకపోతే ఆ సిగ్నల్ రావాల్సిందే. గ్రూపులుగా విడగొట్టింది అందుకే. ఒక్క మోటారు చెడితే స్టేషనంతా కాగితాల మీద నడపాల్సిన గతి పట్టకూడదు.

చూడాల్సింది ఓవర్‌ల్యాపు దగ్గర. రూటులో లేని పాయింటు ఓవర్‌ల్యాపులో పడుతుంది, జనం మరిచిపోయేది దాన్నే. హోమ్ సిగ్నల్ రావట్లేదని మెయింటైనర్ని పిలుస్తారు, తీరా చూస్తే అవతలి చివర గ్రూపు కీ బయట ఉంటుంది.

లాకింగు రెండు దిక్కులా పనిచేస్తుందని గుర్తుంచుకో. కీ బయట ఉంటే సిగ్నల్ రాదు. సిగ్నల్ ఆఫ్‌లో ఉన్నా, రూటు లాకై ఉన్నా కీ విడుదల కాదు. సిగ్నల్‌ను వెనక్కి తీసేసినంత మాత్రాన కూడా రాదు. రూటు రిలీజ్ కావాలి. ఎమర్జెన్సీ రూటు రిలీజ్ వాడితే 120 సెకన్ల టైమరు పూర్తవ్వాలి. ఆ రెండు నిమిషాలు ఆగలేక కీ పట్టుకుని గుంజేవాళ్లున్నారు. అలా గుంజి గుంజి కీ ట్రాన్స్‌మిటర్ అరిగిపోతుంది.

డేటాలాగర్
బాబాయ్ గారు చెప్పినదానికి లోపల జరిగేది కలుపుతాను.

కీ ఉండేది ఈకేటీలో, అంటే ఎలక్ట్రిక్ కీ ట్రాన్స్‌మిటర్‌లో. కొన్ని స్టేషన్లలో ఎస్సెమ్ (స్టేషన్ మాస్టర్) గదిలోనే పెడతారు, కొన్నిచోట్ల పాయింట్ల దగ్గర లొకేషన్ బాక్సులో (లైను పక్కన ఉండే సిగ్నల్ పరికరాల పెట్టెలో) ఉంటుంది. కీ లోపల పెట్టి తిప్పి ఉన్నంతసేపూ ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పికప్‌లో, అంటే కరెంటు అంది లేచి, ఉంటుంది. కీ తిప్పగానే అది డ్రాప్ అవుతుంది. గ్రూపుకు సంబంధించిన ప్రతి సిగ్నల్ సర్క్యూట్లో దాని ఫ్రంట్ కాంటాక్టు (రిలే లేచి ఉంటేనే కలిసేది) ఉంటుంది, పాయింటు నడిపే సర్క్యూట్లోనూ ఉంటుంది. కేబుల్ తెగినా, ఫ్యూజు పోయినా, కాయిల్ కాలినా రిలే డ్రాప్ అవుతుంది. అంటే సర్క్యూట్ కంటికి కీ బయట ఉన్నట్టే, సిగ్నళ్లు ఆగిపోతాయి. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లో కూడా ఇంతే. ఇదే రిలే కాంటాక్టు ఇన్‌పుట్‌గా వెళ్తుంది, లెక్క సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది.

ఇక మోటారు దగ్గర రెండో అడ్డుకట్ట. క్రాంక్ హ్యాండిల్ రంధ్రానికి ఒక మూత ఉంటుంది. ఆ మూత తెరిస్తేనే హ్యాండిల్ దూరుతుంది, తెరవగానే క్రాంక్ కాంటాక్టు విడిపోయి మోటారు ఫీడు తెగుతుంది. హ్యాండిల్ చేతిలో ఉండగా పైనుంచి ఎవరో బటన్ నొక్కినా మోటారు తిరగదు. తిరిగితే మణికట్టు విరుగుతుంది మరి.

హ్యాండిల్‌నూ కీనీ గొలుసుతోనో వెల్డింగుతోనో కలిపి ఉంచుతారు. హ్యాండిల్ కావాలంటే కీ తీయక తప్పకూడదని. గొలుసు తెగిన హ్యాండిల్ ఒక్కటి స్టేషన్‌లో తిరుగుతోందంటే పైన చెప్పిన లాకింగంతా వట్టిదే. అందుకే స్టేషన్‌లో ఉన్న హ్యాండిళ్లన్నిటికీ నంబర్లు, ఏది ఎక్కడుందో స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లో రాత.

గూమ్టీ కుర్రాడు
రెండో ప్రశ్నకు ఇద్దరూ సరే, వాళ్లు మాట్లాడుతున్నది రెండు వేర్వేరు సందర్భాల గురించి.

మొదటి సందర్భం: మోటారు తిరగట్లేదు గానీ డిటెక్షన్ (పాయింటు ఎటు ఉందో, లాకు పడిందో చూసి ప్యానెల్‌కు చెప్పే సర్క్యూట్) బాగుంది. కార్బన్ బ్రష్ అరిగింది, కాంటాక్టర్ రిలే పడట్లేదు, 110 వోల్టుల ఫీడు ఫ్యూజు పోయింది, ఇలాంటివి. పాయింటును హ్యాండిల్‌తో పూర్తిగా తిప్పి, హ్యాండిల్ తీసి, మూత వేసి, కీని తిరిగి ఈకేటీలో పెడితే ప్యానెల్ మీద పాయింటు ఇండికేషన్ నిలకడగా వస్తుంది. అప్పుడు సిగ్నల్ ఆఫ్ చేసి బండి తీసుకోవచ్చు. ఇంటర్‌లాకింగ్ మొత్తం ఉన్నట్టే లెక్క. క్లాంపు అక్కర్లేదు.

రెండోది: డిటెక్షనే రావట్లేదు, లేదా గ్రౌండ్ కనెక్షన్లు విప్పి ఉన్నాయి. పాయింటును ఎంత చక్కగా తిప్పి పెట్టినా సిగ్నల్ రాదు. కాలింగ్ ఆన్ (అసలు సిగ్నల్ రానప్పుడు బండిని మెల్లగా లోపలికి పిలిచే చిన్న సిగ్నల్) కూడా రాదు, దానికీ పాయింటు డిటెక్షన్ కావాలి కనుక. ట్రాక్ సర్క్యూట్ ఫెయిలైతే కాలింగ్ ఆన్ ఆదుకుంటుంది గానీ పాయింటు ఫెయిలైతే ఆదుకోదు. అప్పుడిక పాయింటును పెట్టి, ఫేసింగ్ (బండి పాయింటు మొన వైపు నుంచి వచ్చేది) అయితే క్లాంపు, ప్యాడ్‌లాక్ వేసి, టీ/369(3బి), అంటే ఎర్ర సిగ్నల్ దాటడానికి రాత అనుమతి, ఇచ్చి, దాని మీద 15 కి.మీ. మించకుండా తీసుకోవాలి. ఇంటర్‌లాకింగ్ లేని ఫేసింగ్ పాయింటు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ గంటకు 15 కి.మీ. దాటకూడదని జనరల్ రూల్ 4.10 చెబుతుంది.

లూప్‌లైన్
ఇప్పుడు అర్థమైంది. "పూర్తిగా తిప్పి" అన్నారు. పూర్తయిందని చేతికి ఎలా తెలుస్తుంది?

గూమ్టీ కుర్రాడు
మంచి ప్రశ్న. ఎక్కువ ఫెయిల్యూర్లు ఇక్కడే.

మోటారు పని మూడు దశలు. మొదట లాకు విప్పుతుంది, తర్వాత టంగ్ రైలును (పాయింటులో కదిలే పట్టాను) స్టాక్ రైలు (పక్కనే ఉండే కదలని పట్టా) వైపు జరుపుతుంది, చివర్లో తిరిగి లాకు వేస్తుంది. మోటారు త్రో 143 ఎంఎం, బ్రాడ్ గేజ్‌లో టంగ్ రైలు తెరుచుకునేది 115 ఎంఎం. మిగతాది డ్రైవింగ్ రాడ్ దగ్గర నట్ల మధ్య వదులుగా పోతుంది. అందుకే హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టగానే టంగ్ రైలు కదలదు, కాసేపు ఉత్తిగా తిరుగుతుంది. అలాగే అవతల టంగ్ రైలు స్టాక్ రైలుకు ఆనిన తర్వాత కూడా హ్యాండిల్ ఇంకా తిరగాలి. కొత్త పాయింట్స్‌మన్ చేసే పొరపాటు ఇదే. టంగ్ రైలు ఆనింది, కంటికి గ్యాపు లేదు, చాలనుకుని హ్యాండిల్ తీసేస్తాడు. లాకు పడలేదు, డిటెక్షన్ కాంటాక్టులు మారలేదు. ప్యానెల్ దగ్గర ఎస్సెమ్ "ఇండికేషన్ రాలేదయ్యా" అంటే "పాయింటు సెట్టయింది సార్" అని ఇతను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అలా ఆగిన పాయింటు మీద బండి వస్తే, లాకు లేని టంగ్ రైలు చక్రాల అదురుకు తెరుచుకోవచ్చు.

కాబట్టి హ్యాండిల్ ఇక తిరగనని ఆగేదాకా తిప్పాలి. ఆగాక ఫోనులో ఇండికేషన్ అడగాలి. మధ్యలో బరువెక్కి ఆగిపోతే బలం ఉపయోగించొద్దు. దిగి టంగ్ రైలు మొన నుంచి హీలు (మొనకు అవతలి చివర) దాకా చూడండి. స్టాక్ రైలుకూ టంగ్ రైలుకూ మధ్య కంకర రాయి, తెగిపడ్డ బ్రేకు బ్లాకు ముక్క, స్లయిడ్ చెయిర్ మీద గట్టిపడిన గ్రీజు, ఏదో ఒకటి ఉంటుంది. వానాకాలంలో ఎర్రమట్టి కొట్టుకొచ్చి చెయిర్ల మీద పేరుకుంటుంది.

కాజీపేట చెల్లెలు
క్రాసోవరు (రెండు లైన్లను కలిపే పాయింట్ల జత) సంగతి ఎవరూ ఎత్తలేదేం? ప్యానెల్ మీద ఒకటే నంబరు, కింద ఏ, బీ రెండు చివర్లు, రెండు మోటార్లు. హ్యాండిల్‌తో తిప్పితే ఏ చివర మాత్రమే కదులుతుంది, బీ చివర ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఒక చివర నార్మల్‌లో (మామూలు స్థితిలో), ఇంకో చివర రివర్స్‌లో (తిప్పిన స్థితిలో) ఉంటే ఇండికేషన్ రాదు, సిగ్నల్ రాదు, అంతవరకు క్షేమం. కాగితం మీద బండి తీసుకునేటప్పుడు ప్రమాదం. ఆ రూటులో బండి చక్రం తొక్కేది ఏ చివరే కావచ్చు. కానీ బీ చివర రివర్స్‌లో ఉండిపోతే పక్క లైను మీద వచ్చే బండికి ఐసోలేషన్ పోయినట్టే. రెండు చివర్లకూ నడిచి వెళ్లాలి, రెండూ కంటితో చూడాలి, రెండింటి పొజిషనూ విడివిడిగా ఎస్సెమ్‌కు చెప్పాలి. "17 సెట్" అని కాదు, "17ఏ నార్మల్, 17బీ నార్మల్" అని.

ఇంకొకటి. పాయింట్ స్విచ్ ఉండే ప్యానెళ్లలో, కీ తీసే ముందే స్విచ్‌ను తిప్పబోయే పొజిషన్‌కు పెట్టాలి. లేదంటే కీ తిరిగి పెట్టాక ప్యానెల్ అడిగేదొకటి, కింద ఉన్నదొకటి అవుతుంది.

పీవే పెద్దాయన
సిగ్నల్ వాళ్లంతా మోటారు చుట్టూనే తిరుగుతున్నారు. పాయింటు పాడయ్యేది చాలాసార్లు మా ట్రాక్ దగ్గర. పీఎస్‌సీ (కాంక్రీటు) స్లీపర్ల లేఅవుట్‌లో మోటారు కూర్చునేది 3, 4 నంబరు పొడుగు స్లీపర్ల మీద. ఆ రెండు స్లీపర్ల కింద ప్యాకింగు వదులైతే బండి వెళ్లినప్పుడల్లా మోటారు ఎగిరెగిరి పడుతుంది. డిటెక్షన్ రాడ్లు అదిరి ఇండికేషన్ ఫ్లాష్ అవుతుంది. మీరేమో కాంటాక్టులు తుడుస్తూ కూర్చుంటారు.

మూడో ప్రశ్నకు మా వైపు నుంచి జవాబు: పాయింటు దగ్గర ట్యాంపింగు (స్లీపర్ల కింద కంకర బిగించడం), స్లీపరు మార్పు, టంగ్ రైలు మార్పు, గేజ్ సరిచేయడం, వీటిలో ఏది చేసినా సిగ్నల్ మెయింటైనరు లేకుండా మొదలెట్టకూడదు, డిస్‌కనెక్షన్ లేకుండా అసలే కూడదు. పని అయ్యాక అబ్‌స్ట్రక్షన్ టెస్టు చేయకుండా రీకనెక్షన్ సంతకం పెట్టకూడదు.

డేటాలాగర్
పెద్దాయన గారి మాట ఒప్పుకుంటున్నా, కాంటాక్టులు తుడిచేవాళ్లలో నేనూ ఉన్నా కాబట్టి.

అబ్‌స్ట్రక్షన్ టెస్టు తెలియనివాళ్లకు: టంగ్ రైలు మొన నుంచి 150 ఎంఎం దూరంలో, టంగ్ రైలుకూ స్టాక్ రైలుకూ మధ్య 5 ఎంఎం మందం టెస్ట్ పీసు పెట్టి పాయింటును ఆ వైపుకు నడపాలి. పాయింటు లాకు కాకూడదు. డిటెక్టర్ కాంటాక్టులు పాయింటు మూసుకున్నట్టు చూపకూడదు. ఫ్రిక్షన్ క్లచ్ జారాలి. మూడూ చూడాలి, రెండు వైపులా చూడాలి. క్లచ్ జారేటప్పటి కరెంటు మామూలు పని కరెంటుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య ఉండాలి. మరీ తక్కువైతే చిన్న రాయి పడ్డా, గ్రీజు ఎండినా పాయింటు మధ్యలో ఆగుతుంది. క్లచ్ మరీ బిగిస్తే టెస్ట్ పీసును నలిపేసి లాకు పడుతుంది. ఈ రెండోది ఘోరం, ఎందుకంటే ఫెయిల్యూరు కనబడదు, ప్యానెల్ మీద అంతా బాగున్నట్టే ఉంటుంది.

టెస్ట్ పీసును చేత్తో పట్టుకుని పెట్టకండి. పిడి ఉన్న పీసు వాడండి. వేలు స్టాక్ రైలుకూ టంగ్ రైలుకూ మధ్య ఉందని మోటారుకు తెలియదు.

కేబిన్ బాబాయ్
మూడో ప్రశ్నకు మిగతా సగం. మూత తెరిచి చూడటానికి, స్లయిడ్ చెయిర్లకు నూనె వేయడానికి, కరెంటు కొలవడానికి టీ/351 అక్కర్లేదు. ఎస్సెమ్‌కు ఫోనులో చెప్పి, బండ్ల మధ్య ఖాళీ చూసుకుని చేస్తారు. కానీ ఒక్క నట్టు విప్పినా, ఒక్క వైరు తీసినా, కాంటాక్టు సర్దినా డిస్‌కనెక్షన్ కావాల్సిందే. "రెండు నిమిషాల పని" అనే మాట విన్నప్పుడే ఎస్సెమ్ కాగితం అడగాలి.

టీ/351 ఇచ్చాక ఎస్సెమ్ చేయాల్సింది కూడా ఉంది. ఆ పాయింటు బటన్ మీద, దాని మీదుగా పోయే సిగ్నళ్ల బటన్ల మీద కాలర్ (నొక్కకుండా అడ్డుపెట్టే తొడుగు) పెట్టాలి. ప్యానెల్ బదులు వీడీయూ (కంప్యూటర్ తెర) ఉంటే పాయింటును, సిగ్నళ్లను బ్లాక్ చేయాలి. మధ్యలో డ్యూటీ మారితే వచ్చినాయన ప్యానెల్ చూడగానే తెలియాలి.

గూమ్టీ కుర్రాడు
బాబాయ్, కాలర్ ఎస్సెమ్‌ను ఆపుతుంది, సర్క్యూట్‌ను ఆపదు. డిస్‌కనెక్షన్ అంటే లొకేషన్ బాక్సులో ఆ పాయింటు డిటెక్షన్ లింకులు తీసి, పాయింటు నార్మల్, రివర్స్ అని చెప్పే ఎన్‌డబ్ల్యూకేఆర్, ఆర్‌డబ్ల్యూకేఆర్ రెండు రిలేలనూ పడగొట్టడం. అప్పుడే ఇంటర్‌లాకింగ్‌కు ఈ పాయింటు లేదని తెలుస్తుంది. కాగితం మాత్రమే రాసి లింకులు తీయకుండా పనిచేస్తే, రాడ్డు విప్పి ఉన్నా డిటెక్షన్ పాత పొజిషన్‌నే చూపిస్తూ ఉండొచ్చు. సిగ్నల్ పచ్చగా వచ్చేస్తుంది.

కేబిన్ బాబాయ్
అదే అసలు డిస్‌కనెక్షన్, ఒప్పుకుంటా. కాలర్ మనుషుల కోసం, లింకు సర్క్యూట్ కోసం. రెండూ ఉండాలి.

లూప్‌లైన్
మరి బాలాసోర్ రైలు ప్రమాదంలో జరిగింది ఇదేనా? కాగితం లేకుండా పనిచేయడమా?

డేటాలాగర్
బాలాసోర్ జిల్లాలోని బహానగా బజార్ స్టేషన్, 2023 జూన్ 2. షాలిమార్ నుంచి చెన్నైకి, మన విజయవాడ మీదుగా వెళ్లే కోరమండల్. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ వచ్చింది, కింద 17ఏ పాయింటు లూపు వైపు ఉంది. బండి లూపులో ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా చనిపోయారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక రెండు చోట్ల తప్పు చూపింది: ఉత్తరపు సిగ్నల్ గూమ్టీలో (సిగ్నల్ పరికరాలుండే చిన్న గదిలో) గతంలో సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపం, 94వ నంబరు గేటుకు ఎలక్ట్రిక్ లిఫ్టింగ్ బారియర్ మార్చే పనిలో జరిగిన లోపం. వైర్ల పేర్లు తప్పుగా రాసి ఉన్నాయి.

ఇక్కడ మన విషయానికి పనికొచ్చేది ఒకటే. డిటెక్షన్ అబద్ధం చెప్పింది. పాయింటు రివర్స్‌లో ఉండగా నార్మల్ అని ఇంటర్‌లాకింగ్‌కు అందింది. అందిన సమాచారం తప్పైనప్పుడు లాజిక్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

అంతకు నాలుగు నెలల ముందు, 2023 ఫిబ్రవరి 8న మైసూరు డివిజన్‌లోని హోసదుర్గ రోడ్ దగ్గర సిగ్నల్ ఒక దారి చూపి పాయింటు ఇంకో దారికి ఉన్న సంఘటన జరిగింది. సంపర్క్ క్రాంతి లోకో పైలట్ చూసి ఆపడంతో గండం గడిచింది. మరుసటి రోజే ఆ జోన్ అధికారి పైవాళ్లకు హెచ్చరిక లేఖ రాశారు. బాలాసోర్ తర్వాత ఆ లేఖ పత్రికల్లో వచ్చింది.

పీవే పెద్దాయన
లూప్ వైరు గురించి కూడా చెప్పు. అందరికీ తెలిసి ఎవరూ అనని మాట అదే.

డేటాలాగర్
చెబుతాను. డిటెక్షన్ రాకపోతే లొకేషన్ బాక్సులో రెండు టెర్మినల్స్ మధ్య చిన్న వైరు ముక్క పెట్టి, డిటెక్షన్ రిలే డబ్ల్యూకేఆర్‌కు ఫీడిచ్చి బండి పంపేసే అలవాటు. కాంటాక్టర్ రిలేను చేత్తో నొక్కడమూ అలాంటిదే. పంక్చువాలిటీ కోసం చేస్తారు. వైరు ముక్క పెట్టగానే ఆ పాయింటుకు ఇంటర్‌లాకింగ్ పోయింది, పోయిందన్న సంగతి మాత్రం ప్యానెల్‌కు తెలియదు. క్రాంక్ హ్యాండిల్, క్లాంపు, కాగితం పద్ధతిలో బండికి ఇరవై నిమిషాలు పోతాయి, కానీ ఇంటర్‌లాకింగ్ లేదని అందరికీ తెలిసి, డ్రైవరు 15లో నడుపుతాడు. వైరు ముక్క పద్ధతిలో పూర్తి వేగంతో వస్తాడు.

రిలే రూముకు రెండు తాళాలు పెట్టేది, ఒకటి ఎస్సెమ్ దగ్గర, ఇంకొకటి మెయింటైనరు దగ్గర ఉంచేది ఇందుకే. బాలాసోర్ తర్వాత రైల్వే బోర్డు స్టేషన్ పరిధిలోని గూమ్టీలకు కూడా ఈ జంట తాళాలు సరిగ్గా ఉన్నాయా అని ప్రత్యేకంగా తనిఖీ చేయించింది.

క్రూ జంక్షన్
ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ చేత్తో తిప్పిన పాయింటుకు రెండు పెడతారు. మూసుకున్న వైపు టంగ్ రైలుకు క్లిప్పు, తెరుచుకున్న వైపు టంగ్ రైలుకూ స్టాక్ రైలుకూ మధ్య స్కాచ్ అనే చెక్క దిమ్మ. క్లిప్పు జారినా చెక్క అడ్డుంటుంది. మన దగ్గర క్లాంపు ఒక్కటే చూశాను, స్కాచ్ పెట్టడం మంచి అలవాటు.

పెద్దాయన గారి మాటకు ఇక్కడి సాక్ష్యం రెండు. 2002 మే 10న పాటర్స్ బార్‌లో స్ట్రెచర్ బార్ల (రెండు టంగ్ రైళ్లను కలిపి ఉంచే కడ్డీల) నట్లు ఊడి పాయింటు బండి కిందే విడిపోయింది, 7 మంది పోయారు. 2007 ఫిబ్రవరి 23న గ్రేరిగ్‌లో స్ట్రెచర్ బార్లు విరిగి ఒకరు. రెండుచోట్లా సిగ్నలింగ్ తన పని తాను చేసింది. నట్టు ఎంత బిగువుగా ఉందో డిటెక్షన్ చూడదు.

వైర్ల సంగతికొస్తే క్లాపమ్ ప్రమాదం, 1988 డిసెంబరు 12, 35 మంది పోయారు. రిలే రూములో మార్పు చేస్తూ పాత వైరు ఒక చివర విప్పకుండా వదిలేశారు, అది కదిలి టెర్మినల్‌కు తగిలి ఎర్ర సిగ్నల్ రాకుండా చేసింది. ప్రతి టెర్మినల్ మీద ఎన్ని వైర్లున్నాయో ఆ పనిలో లేని ఇంకో మనిషి లెక్కపెట్టి ఉంటే దొరికేది.

లూప్‌లైన్
క్లాంపు ఎక్కడ వేయాలి? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కోచోట వేస్తున్నారు.

పీవే పెద్దాయన
మూసుకున్న టంగ్ రైలుకే. మొనకు వీలైనంత దగ్గరగా, రెండు స్లీపర్ల మధ్య, రాడ్లకు తగలనిచోట. హీలు వైపుకు పోయేకొద్దీ పట్టు తగ్గుతుంది, మొన దగ్గర గ్యాపు అలాగే మిగిలిపోతుంది. క్లాంపు బిగించాక మొన దగ్గర వంగి కూర్చుని స్టాక్ రైలుకు ఆనిందో లేదో చూడు. రాత్రయితే టార్చి పక్కనుంచి వెయ్యి. నేరుగా పైనుంచి వేస్తే గ్యాపు కనబడదు, పక్క వెలుతురుకు సన్నని చార కూడా కనబడుతుంది. స్క్రూ బిగించి వదిలేసి తాళం మరిచిపోయేవాళ్లున్నారు. బండ్ల అదురుకు స్క్రూ వదులవుతుంది, తాళం లేకపోతే ఎవరైనా విప్పొచ్చు. ప్యాడ్‌లాక్ కీ ఎస్సెమ్ దగ్గరికి చేరాలి, పాయింట్స్‌మన్ జేబులో కాదు.

మరో మాట. టంగ్ రైలు వంగి ఉంటే, క్రీప్ (పట్టా పొడవునా జరిగిపోవడం) వల్ల ఒక టంగ్ రైలు ముందుకు జరిగి ఉంటే క్లాంపుతో బలవంతంగా ఆనించకు. క్లాంపు తీయగానే మళ్లీ తెరుచుకుంటుంది. దాన్ని చేత్తో తిప్పేది లేదు, ట్రాక్ వాళ్లను పిలవాలి.

కాజీపేట చెల్లెలు
థిక్ వెబ్ స్విచ్‌లకు (మందమైన టంగ్ రైళ్లున్న పాయింట్లకు) ఈ లెక్కలు మారతాయని చెప్పండి, ఎవరైనా 115 పట్టుకుని కూర్చుంటారు. వాటికి క్లాంప్ టైపు లాకు, 220 ఎంఎం త్రో మోటారు, టంగ్ రైలు తెరుచుకునేది 160 ఎంఎం. లాకు మోటారు లోపల కాదు, రైలు దగ్గరే బయట పడుతుంది. కాబట్టి లాకు పడిందో లేదో కంటితో చూడొచ్చు, చూడాలి కూడా.

లూప్‌లైన్
చివరి సందేహం. పని అయిపోయి కీ తిరిగి పెట్టినా ఇండికేషన్ "కీ బయట" అనే చూపిస్తోంది. మోటారు కూడా తిరగట్లేదు.

గూమ్టీ కుర్రాడు
ముందు ఈకేటీ. కీ దూర్చితే చాలదు, చివరిదాకా తిప్పాలి. సగం తిప్పి వదిలేస్తే రిలే పికప్ కాదు. కీ సరిగ్గా పడి ఇండికేషన్ మారాక కూడా మోటారు తిరగకపోతే మోటారు దగ్గర హ్యాండిల్ మూత చూడండి. అది పూర్తిగా మూసుకోకపోతే క్రాంక్ కాంటాక్టు విడిపోయే ఉంటుంది. మూత అంచులో కంకర పొడి, వంగిన మూత, వానకు తుప్పు పట్టిన స్ప్రింగు, సాధారణంగా ఈ మూడే. రెండూ బాగుంటే రిలే ఫీడు ఫ్యూజు, తర్వాత కేబుల్.

డేటాలాగర్
ఆ కీ లేచిన టైమూ, పడిన టైమూ డేటా లాగర్‌లో (రిలేల కదలికలు నమోదు చేసే యంత్రంలో) సెకన్లతో సహా ఉంటాయి. క్రాంక్ హ్యాండిల్ రిజిస్టరులో రాసిన టైముతో పోల్చి చూసేవాళ్లు వస్తారు. టీ/351 లేకుండా పాయింటు రిలేలు పడి లేచిన ఎంట్రీలు కూడా అందులో విడిగా తీయొచ్చు.

కేబిన్ బాబాయ్
కొత్తగా సర్క్యూట్ మార్చినా, ఈకేటీ మార్చినా సీహెచ్ గ్రూపును ఇలా పరీక్షించండి. సికింద్రాబాద్ ఇరిసెట్‌లో (రైల్వే సిగ్నల్ శిక్షణ సంస్థలో) చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, మిగతావాళ్ల కోసం రాస్తున్నా. కీ బయటికి తీసి సెలెక్షన్ టేబుల్‌లో ఆ గ్రూపు అడ్డుకునే సిగ్నళ్లను ఒక్కొక్కటిగా, కాలింగ్ ఆన్‌తో సహా, ఆఫ్ చేయడానికి ప్రయత్నించాలి. ఒక్కటీ రాకూడదు. గ్రూపులోని ప్రతి పాయింటునూ బటన్‌తో నడపాలి, కదలకూడదు. తర్వాత కీ లోపల పెట్టి, అదే సిగ్నళ్లను ఒక్కొక్కటిగా ఆఫ్ చేసి, ఒక్కో సిగ్నల్‌కూ కీ తీయడానికి ప్రయత్నించాలి. రాకూడదు. ఆ గ్రూపు అడ్డుకోకూడని సిగ్నళ్లు కీ బయట ఉన్నా వస్తున్నాయో లేదో అది కూడా చూడాలి, లూప్‌లైన్ అడిగిన మొదటి ప్రశ్న అదే కదా. అన్నీ చూశాక ఎస్సెమ్, మెయింటైనరు ఇద్దరి సంతకాలూ పడాలి.